నారింజల గదిలో పతకాలు

స్కెల్బీ హాల్ అనే దొరల బంగళాకు తోటవైపున ఉన్న నారింజల గదికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లేవారు కాదు. దొరగారి వేటకుక్కలు కూడా ఆ గుమ్మం దాకా వచ్చి, తోక ముడుచుకుని, చుట్టు తిరిగి పోయేవి.

పేరు విని అదేదో పండ్ల కొట్టు అనుకునేరు. కాదు. ఆ ఉత్తరపు చలికి నారింజ చెట్టు బయట బతకదు. అందుకని దొరల తాతలెవరో నేల నుంచి కప్పు దాకా అద్దాలు బిగించి పొడుగాటి గది ఒకటి కట్టించి, పెద్ద పెద్ద తొట్లలో నారింజ చెట్లు పెంచుకున్నారు. జర్మనీతో యుద్ధం వచ్చాక తొట్లు బయటికి పోయాయి, మంచాలు లోపలికి వచ్చాయి. గాయపడ్డ సిపాయిలకు అదే ఆస్పత్రి అయింది. యుద్ధం ముగిశాక మంచాలూ పోయాయి.

పోనిది ఒక్కటే ఉందని ఊళ్లో చెప్పుకునేవారు.

ఒకసారి, ఊరూరా తిరిగి కత్తులకు సాన పట్టేవాడొకడు వానకు తట్టుకోలేక ఆ గదిలో దూరి పడుకున్నాడు. నడిరేయి పాదాల మీద ఏదో బరువు పడినట్టయి మెలకువ వచ్చింది. పిల్లేమో అనుకుని కాలు విదిలించాడు. పిల్లి కాదు. మడతపెట్టిన బట్ట… దళసరి ఉన్నిబట్ట, తడిసి రాయిలా ఉంది. చేత్తో తడిమితే ఇత్తడి గుండీలు తగిలాయి. అగ్గిపుల్ల గీసి చూశాడు —

ఏమీ లేదు. ఉత్త నేల.

వాడు సానబండి అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఆ చలికాలం గడవకముందే ఎక్కడో మంచులో బిగుసుకుపోయి కనిపించాడని కబురొచ్చింది. నిజమో అబద్ధమో చూసినవాళ్లు లేరు. కానీ పాదాల మీద బరువు పడిందంటే పిలుపు వచ్చినట్టేనని ఊరు తేల్చేసింది.

ఎందుకలా తేల్చిందో అర్థం కావాలంటే ముందు లేడీ రోవెనా సంగతి చెప్పాలి.

ఆవిడ దొరగారి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. యుద్ధానికి ముందు తన జుట్టు తాను దువ్వుకుని ఎరగదు. యుద్ధం రాగానే పట్టుబట్టలు పెట్టెలో పెట్టి, గంజి పెట్టిన తెల్ల ఏప్రన్ కట్టుకుని, జీతం లేని నర్సుగా చేరింది. పని చేయలేదని ఎవరూ అనరు. చీము కట్లు విప్పింది, పాచిపళ్లేలు కడిగింది, రాత్రులు మేలుకుంది. ఆఖరికి ఆవిణ్ణి లండన్ పిలిపించి గుండెల మీద పతకాలు పెట్టారు. శిలువ ఆకారంలో ఎర్రటిది ఒకటి, రాజుగారి బొమ్మతో వెండిది ఒకటి. పేపర్లో ఫోటో కూడా పడింది.

ఊరి ఆడవాళ్లు ఆ పేపరుతో పొయ్యి రాజేశారు.

ఎందుకంటే ఆవిడ చేసే పని ఇంకొకటి ఉండేది. వారానికోసారి సైన్యం డాక్టరు మోటారులో వచ్చి దిగేవాడు. దొరగారితో కలిసి భోంచేసి, మూతి తుడుచుకుని, "ఎవరెవరు తయారయ్యారు, లేడీ రోవెనా?" అని అడిగేవాడు. ఆవిడ చెప్పేది. ఆయన తలూపేవాడు. అంతే పరీక్ష.

ఆ రాత్రి అందరూ నిద్రపోయాక ఆవిడ దీపం పట్టుకుని వచ్చేది. ఎవరు తిరిగి యుద్ధానికి పోవాలో, వాడి మంచం మీద కాళ్లవైపున వాడి ఖాకీ దుస్తులు మడతపెట్టి ఉంచేది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ సిపాయిలకు నీలం కోటు, ఎర్ర టై. తెల్లారి కళ్లు తెరిచేసరికి కాళ్ల దగ్గర ఖాకీ కనపడిందంటే ఇక మాటలక్కర్లేదు. ఏడుపులూ బతిమాలుకోవడాలూ వార్డులో వినపడకూడదని ఆవిడ పెట్టిన పద్ధతి అది. ఎంత మర్యాదైన పద్ధతో చూడండి!

యుద్ధం ఆగిన మరుసటి వసంతంలో ఊరంతా పాకిన ఫ్లూ జ్వరంలో లేడీ రోవెనా పోయింది. సానవాడి పాదాల మీద బరువు పడింది ఆ తర్వాతే.

ఇక డోర్కస్ ఫెన్విక్ దగ్గరికి వద్దాం. కథ ఆమెదే.

డోర్కస్ ఆ వార్డులో నేల తుడిచే మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, సేత్. వాడు విషవాయువు పీల్చి, ఊపిరితిత్తులు కాలి, ఏ ఆస్పత్రికి వచ్చాడనుకున్నారు? తల్లి మోకాళ్ల మీద కూర్చుని నేల రుద్దుతున్న ఆ గదికే. ఊరివాళ్లు అదృష్టమన్నారు. డోర్కస్ కూడా అలాగే అనుకుంది. మిగతా నేలంతా ఒక ఎత్తు, సేత్ మంచం కింది నేల ఒక ఎత్తు. ఎన్నిసార్లు రుద్దినా అక్కడ ఇంకా మురికి ఉన్నట్టే ఆమెకు కనపడేది.

"అమ్మా, పలకలు అరిగిపోతాయే," అనేవాడు వాడు, దగ్గు మధ్య నవ్వుతూ.

"అరిగితే దొరగారు కొత్తవి వేయిస్తారు. నువ్వు మూసుకుని పడుకో."

ఒకనాడు డాక్టరు మోటారు వచ్చి వెళ్లింది. డోర్కస్‌కు అనుమానం వచ్చింది. తడిచేతులతోనే లేడీ రోవెనాకు ఎదురెళ్లింది.

"అమ్మగారూ, మావాడికి రాత్రి మళ్లీ దగ్గులో రక్తం పడింది."

"నువ్వు తల్లివి డోర్కస్. నీ కంటికి అంతా జబ్బుగానే కనపడుతుంది," అంది ఆవిడ, రొమ్ము మీద తగిలించుకున్న గడియారం చూసుకుంటూ. "వాడు నిక్షేపంగా ఉన్నాడు. అదిగో, అక్కడ నేల తడిగా వదిలేశావు. ఎవరైనా జారిపడతారు."

తెల్లారి సేత్ కాళ్ల దగ్గర ఖాకీ ఉంది.

కోతలు మొదలవకముందే వాడు పోయాడని తంతి వచ్చింది.

అందుకే, యుద్ధం అయిన కొన్నేళ్లకు చర్చిలో చనిపోయినవాళ్ల పేర్లతో రాతిపలక పెడుతున్నారని తెలిసినప్పుడు డోర్కస్ రోజూ వెళ్లి చూసింది. చెక్కేవాడు 'ఫెన్విక్' అన్న పేరు పూర్తిచేసేదాకా పక్కనే నిలబడింది. ఆమెకు మిగిలింది ఆ పేరొక్కటే. సమాధి కూడా లేదు.

పలకను నవంబరులో, యుద్ధం ఆగిన రోజునే ఆవిష్కరించాలనుకున్నారు. ఆ ఏడు అది ఆదివారం పడింది. ముందురోజు పొద్దున నీళ్ల పంపు దగ్గర కెజయా ప్లమ్ కనపడింది. పక్కింటామె, ఆమె భర్త పేరూ ఆ పలక మీద ఉంది. నోటికి మూత లేని మనిషి.

"విన్నావటే డోర్కస్? దొరసాని పతకాలకి అద్దాల చట్రం కట్టించారట. పలక పైన తగిలిస్తారట. సరిగ్గా మనవాళ్ల నెత్తిన!"

"ఎవరన్నారు?"

"ఎవరంటే ఏంటే, దొరగారే. ఊరేగింపు నారింజల గది నుంచే బయల్దేరుతుందట. చట్రం రాత్రికి అక్కడే ఉంచుతున్నారు. సేవకి గుర్తుట, సేవకి!"

"సేవా?" డోర్కస్ బకెట్టు దించింది. "మనవాళ్లని సాగనంపడమేగా ఆవిడ చేసిన సేవ?"

"ఆ మాట దొరగారితో అను, చూద్దాం."

"అనను. ఆ చట్రాన్ని మడుగులో పడేస్తాను."

కెజయా పకపకా నవ్వింది. "నువ్వా! కోడి మెడ విరవడానికి మా ఇంటికి పట్టుకొస్తావ్. రాత్రిపూట ఆ గదిలో అడుగుపెడతావా? కాళ్ల మీద ఖాకీ పడుతుందే నీకు."

"పడనీ. నా కొడుకు పేరు మీద మాత్రం ఆవిడ నీడ పడకూడదు."

కెజయా నవ్వు ఆపింది. డోర్కస్ మొహం చూస్తే అది నవ్వులాట మాటలా లేదు.

ఆ మధ్యాహ్నం డోర్కస్ నారింజల గదికి వెళ్లింది. దొంగతనంగా కాదు, ఊరేగింపు కోసం నేల కడగమని పిలిస్తేనే. కడిగింది. వస్తూ వస్తూ తోటవైపు తలుపు గడియ వేయకుండా వదిలేసి వచ్చింది. కాపలా ఎవరినీ పెట్టలేదు. ఆ గదికి కాపలా ఎందుకని దొరగారి బట్లరు అన్నాడట.

రాత్రి ఊరు పడుకున్నాక శాలువా కప్పుకుని బయల్దేరింది. దీపం తీసుకోలేదు. వెన్నెల ఉంది. గడ్డి మీద మంచు గట్టిపడి కాలి కింద పరపరమంటోంది.

తలుపు నెట్టింది. కిర్రుమంది…

కార్బాలిక్ వాసన, ఆస్పత్రి నేలలకు వాడే మందుది. మధ్యాహ్నం తాను వాడింది సబ్బు మాత్రమే. కార్బాలిక్ చుక్క లేదు.

డోర్కస్ గుమ్మంలోనే ఆగింది. అద్దాల గోడల్లోంచి వెన్నెల లోపలికి పడుతోంది. కిటికీ చట్రాల నీడలు నేల మీద పొడుగ్గా, వరసగా పరుచుకుని ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి… ఒకదాని పక్కన ఒకటి… అచ్చం మంచాల్లా.

'నీడలే,' అనుకుంది. 'నేను తుడిచిన నేలే.'

గది చివర బల్ల మీద చట్రం ఉంది. చుట్టూ ఆకుల దండ. అద్దం వెనక ఎర్రటి శిలువ నల్లగా కనపడుతోంది. ఆమె నీడల మధ్యగా నడిచింది. ఎందుకో తెలీదు, ఒక్క నీడను కూడా తొక్కలేదు. పక్క నుంచే వెళ్లింది. చట్రాన్ని ఎత్తి శాలువా కిందికి లాక్కుంది. అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది.

వెనుదిరిగింది.

అప్పుడు వినపడింది… సర్… సర్… సర్…

గంజి పెట్టిన బట్ట నడిచే చప్పుడు.

తలుపు వైపు నుంచి తెల్లగా ఒకటి వస్తోంది. దాని చేతిలోనూ దీపం లేదు. మొదటి నీడ దగ్గర ఆగింది. వంగింది. కాళ్లవైపున రెండు చేతులూ చాపి ఏదో పట్టుకుంది. పైకి లాగింది… లాగింది… నడుము వణుకుతోంది. రాలేదు. వదిలేసింది. తర్వాతి నీడ దగ్గరికి వచ్చింది. మళ్లీ వంగింది. మళ్లీ అదే.

డోర్కస్‌కు పారిపోదామంటే తలుపు దారి అటే ఉంది. చట్రం గుండెలకు అదుముకుని గోడకు ఆనుకుంది.

అది ఒక్కొక్క నీడ దగ్గరా ఆగుతూ, వంగుతూ, లేస్తూ వచ్చింది. దగ్గరికొచ్చేకొద్దీ మొహం కనపడింది. ఆ పొడుగాటి ముక్కు. ఆ బిగించిన పెదవులు. జబ్బుతో పోయినప్పటిలా కాదు, వార్డులో తిరిగినప్పటిలాగే ఉంది. కళ్లు మాత్రం… ఎన్నాళ్లుగానో నిద్రపోని మనిషి కళ్లు.

ఆ కళ్లు నేల మీదికి దిగాయి. తర్వాత డోర్కస్ మీదికి లేచాయి.

"నేల తడిగా ఉంది డోర్కస్," అంది అది, గాలి పీల్చినంత మెల్లగా. "ఎవరైనా జారిపడతారు."

అంతే. డోర్కస్‌లో భయం ఎక్కడికి పోయిందో పోయింది. దాని చోట్లోకి ఇంకోటి వచ్చింది. ఇన్నేళ్లూ నోరు నొక్కుకుని కూర్చున్నది, వేడిగా, గొంతుదాకా.

"నేల గొడవ నీకెందుకు?" అంది పళ్ల మధ్య నుంచి. "దాన్ని నువ్వు తొక్కితే కదా!"

అది తల దించి తన పాదాల వైపు చూసుకుంది. అక్కడ చూడ్డానికేమీ లేదు. కాస్త సిగ్గుపడ్డట్టే కనపడింది.

"ఇవి… రావడం లేదు," అంది. "ఎంత లాగినా రావడం లేదు."

"పెట్టేటప్పుడు బాగానే పెట్టావుగా."

"వాళ్లు లేచేలోపు తీసేస్తే… చూడరు. చూడకపోతే వెళ్లరు. ఒక్కటైనా… ఒక్కటి వచ్చినా చాలు…"

"వాళ్లు లేవరు దొరసానీ." డోర్కస్ ఒక అడుగు ముందుకేసింది. "నీ పుణ్యమా అని ఎవరూ లేవరు. నువ్విప్పుడు దేని ముందు నిలబడ్డావో తెలుసా? అది నా కొడుకు మంచం."

అది వంగి, ఆ నీడ కాళ్లవైపు చేతులు చాపింది. డోర్కస్ చూస్తూ నిలబడింది. ఒక్క క్షణం — తర్వాతెప్పుడో కెజయాకు చెప్పినప్పుడు ఈ మాట ఒప్పుకుంది — ఆ ఒక్క క్షణం ఆమెకూ ఆశ పుట్టింది. వస్తుందేమోనని. ఆ ఒక్కటైనా.

రాలేదు.

తెల్ల ఆకారం నిలబడింది. ఇప్పుడు దాని చూపు డోర్కస్ శాలువా మీద, లోపలున్న చట్రం మీద ఉంది.

"అది తీసుకుపో," అంది గబగబా. మొదటిసారి ఆ గొంతులో బతిమాలడం వినపడింది. "మడుగులో పడెయ్. ఎక్కడైనా పడెయ్. అన్నయ్యకి ఎంత చెప్పినా వినపడటం లేదు. దాన్ని అక్కడ తగిలిస్తే నేనూ అక్కడికి పోవాలి… వాళ్ల మధ్యకి. వాళ్లు… నావైపు చూస్తారు డోర్కస్. అందరూ నావైపే చూస్తారు. తీసుకుపో. దయచేసి."

డోర్కస్ కదల్లేదు.

తాను వచ్చిన పని అదే. గది దాటితే తలుపు, తోట దాటితే మడుగు. కానీ ఈవిడకూ కావలసింది అదే! ఈవిడ అడిగినట్టు చేసి, ఈవిడకు మేలు చేసి పోవడానికా చలిలో ఇంత దూరం వచ్చింది? సేత్ తరఫున తాను అడిగినప్పుడు ఆవిడ గడియారం చూసుకుంది. ఇప్పుడు 'దయచేసి'ట.

మెల్లగా వెనక్కి వెళ్లి చట్రాన్ని బల్ల మీద పెట్టేసింది. ఆకుల దండ కూడా సర్దింది.

"తీసుకుపో," అని మళ్లీ వినపడింది వెనక నుంచి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వార్డులో నర్సులందరికీ పెద్ద, సిస్టర్ గ్రిమ్‌షా అనే ఆమె. బొగ్గుగని కూలీ కూతురు. అయితే చదివి, శిక్షణ పొంది వచ్చిన నర్సు. ఆ రోజుల్లో జీతం లేని నర్సు ఎంత గొప్పింటి ఆడపడుచైనా సరే, సిస్టర్ మాట్లాడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. సిస్టర్ చెప్పింది చెయ్యాలి, చెప్పనిది చెయ్యకూడదు. ఎదురు చెప్పడానికి లేదు. దొరగారి చెల్లెలు గని కూలీ కూతురి ముందు అలా నిలబడటం చూడాలని డోర్కస్ ఆ వేళకు కావాలనే గుమ్మం దగ్గర నేల రుద్దేది. ఆ గొంతు ఆమెకు కంఠతా వచ్చు.

డోర్కస్ వెన్ను నిటారుగా చేసింది. గడ్డం పైకెత్తింది.

"నర్స్!"

సర్రుమని చప్పుడు. తెల్ల ఆకారం చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. తల వంగింది.

"రేపటి నుంచి ప్రతి ఆదివారం చర్చికి వస్తావు," అంది డోర్కస్, సిస్టర్ గ్రిమ్‌షా గొంతుతో. "ఆ పేర్ల కిందే కూర్చుంటావు. ఒక్కొక్క పేరూ చదువుతావు. అర్థమైందా?"

అద్దాల అవతల ఎక్కడో గుడ్లగూబ కూసి ఆగింది.

"అలాగే… సిస్టర్."

డోర్కస్‌కు ఒళ్లంతా వేడెక్కింది. ఎన్నేళ్లుగానో ఎరగని తృప్తి అది. తలుపు వైపు నడిచింది. ఈసారి నీడలను తొక్కుకుంటూనే నడిచింది, సేత్ మంచం నీడను తప్ప.

గుమ్మం దాటుతుండగా వెనక నుంచి, చాలా వినయంగా —

"ఎక్కడ కూర్చోమంటారు, సిస్టర్?"

జీతం లేని నర్సు చెప్పనిది చెయ్యకూడదు కదా. అందుకే అడిగింది. డోర్కస్ వెనక్కి కూడా తిరగలేదు.

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చో," అంది విసురుగా. తలుపు ధడాలున మూసింది.

మర్నాడు చర్చి కిటకిటలాడిపోయింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వచ్చారు. గుండెల మీద పతకాలున్న కుంటివాళ్లు, నల్లబట్టల తల్లులు, గుమ్మం బయట దాకా జనం. దొరగారు స్వయంగా చట్రాన్ని మోసుకొచ్చి పలక పైన తగిలించారు. ఆడవాళ్ల వరసల్లో గుసగుసలు లేచాయి. ఎవరో గట్టిగానే "సిగ్గులేకపోతే సరి" అన్నారు. దొరగారి మెడ వెనక ఎర్రబడింది.

పతకాలు అక్కడ వేలాడుతున్నాయి. వాటికి బెత్తెడు కింద — 'సేత్ ఫెన్విక్'.

డోర్కస్ తన బెంచీ మీద గోడ పక్కన కూర్చుని చిన్నగా నవ్వుకుంటోంది.

"మడుగు ఎండిపోయిందేంటే?" అని చెవిలో పొడిచింది కెజయా, చోటు కోసం తోసుకుంటూ వచ్చి. "నీ పౌరుషమంతా పంపు దగ్గరేనా?"

"నీకు తెలీదులే. ఇంతకన్నా మంచి పని చేశాను."

"సరే, కాస్త జరుగు. నా కాళ్లు పడిపోతున్నాయి."

"అది సేత్ చోటు."

కెజయా వెనక్కి తగ్గి నిలబడింది. వాడు చిన్నప్పటి నుంచీ కూర్చున్న చోటు అది. వాడు పోయాక డోర్కస్ అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఎంత జనమున్నా, పండగయినా, వాన పడి అందరూ లోపలికి దూరినా, ఆ జానెడు బెంచీ మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. ఆ రోజు కూడా అంతే. అంతమంది నిలబడి ఉన్నారు. మొత్తం చర్చిలో ఖాళీగా ఉన్నది ఆ ఒక్క చోటే.

మౌనం పాటించమన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. దగ్గులు కూడా ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో డోర్కస్‌కు ఎడమవైపు చలేసింది. తలుపు తెరిచి ఉందేమో అనుకుంది. ఎడమ చేత్తో శాలువా దగ్గరికి లాక్కుంది. మౌనం అయ్యాక కూర్చుని మళ్లీ చెయ్యి సేత్ చోటు మీద వేయబోయింది… ఎందుకో వేయలేకపోయింది. ఒళ్లో పెట్టుకుంది.

ప్రార్థన అయింది. జనం బయటికి వచ్చారు. సమాధుల మధ్య నిలబడి ఆడవాళ్లు దొరగారి మీద నిప్పులు కక్కుతున్నారు. కెజయా అందరికన్నా గట్టిగా. డోర్కస్ కూడా వాళ్లలో నిలబడింది కానీ, ఆమె మనసు అక్కడ లేదు. ఎడమ చెయ్యి శాలువా కింద రుద్దుకుంటూనే ఉంది.

ఆఖరున పాదిరిగారు బయటికొచ్చారు. దక్షిణాది నుంచి ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన కుర్ర పాదిరి. హాల్ మనుషుల్లో దొరగారిని తప్ప ఇంకెవరినీ చూసి ఎరగరు. తాళంచెవి పట్టుకుని నేరుగా డోర్కస్ దగ్గరికే వచ్చారు.

"మిసెస్ ఫెన్విక్, మీ పక్కన కూర్చున్న నర్సమ్మను మీరే కాస్త పిలవాలండీ. అందరూ వెళ్లినా లేవడం లేదు. పలక మీది పేర్లు చదువుతూ కూర్చుంది, ఒక్కొక్కటే… పాపం, కళ్లు చూస్తే ఎన్నాళ్లుగానో నిద్ర లేనట్టుంది."

కెజయా నవ్వబోయి డోర్కస్ మొహం చూసి ఆగిపోయింది. అది సున్నంలా తెల్లబడిపోయింది.

"ఎవరి చోటమ్మా ఇది అని అడిగాను," అన్నారు పాదిరిగారు, మర్యాదగా, గొంతు తగ్గించి. "తనదేనట. మీరే ఇచ్చారట. ఇక ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంటానంది." ఆయన తలుపు వైపు ఒకసారి చూసి మళ్లీ ఆమె వైపు తిరిగారు.

"అంతకుముందు అది ఎవరి చోటండీ?"